గాలపు కర్ర మీది రంగు: పూసిన కథ, ఒలిచిన కథ

గాలపు కర్ర మీద అక్కరలేని రంగును తీసేయడం పైకి చిన్న పనిలా కనిపిస్తుంది. రంగు పోవాలి, కర్ర మిగలాలి, అంతే. అయితే కర్ర ఎప్పుడూ ఒకే వస్తువుతో తయారు కాలేదు. ఐదు వందల ఏళ్లలో అది చెట్టు కొమ్మ నుంచి గట్టి కలపకు, అక్కడి నుంచి చీల్చి అతికిన వెదురుకు, ఉక్కు గొట్టానికి, గాజు పీచుకు, చివరికి కార్బన్ పీచుకు మారింది. మారిన ప్రతిసారీ దాని బలం ఉండే చోటు మారింది. రంగు తీసేవాడు భయపడవలసిన చోటు కూడా దాంతోపాటే మారింది. ఒక కాలపు కర్రకు బాగా పనిచేసిన పద్ధతి తర్వాతి కాలపు కర్రను పాడుచేసింది. అందుకే ఈ పని చరిత్రను కర్ర చరిత్రతో కలిపే చెప్పుకోవాలి.

గాలపు వేట గురించి ఇంగ్లీషులో అచ్చయిన తొలి రచన 1496 నాటిది. వింకిన్ డి వర్డ్ అనే ముద్రాపకుడు 'బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్' రెండో కూర్పులో దాన్ని చేర్చాడు. జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని సంప్రదాయంగా చెబుతారు గానీ అందుకు గట్టి ఆధారం లేదు. చలికాలంలో కొమ్మను నరకడం, పొయ్యి వేడిలో కాచి నిటారు చేయడం, కట్టి ఆరబెట్టడం, ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వలతో లోపలి బెండును తొలిచి బోలు చేయడం, పై భాగాన్ని ఆ బోలులో దాచి చేతికర్రలా పట్టుకుపోవడం ఇవన్నీ అందులో వరసగా ఉన్నాయి. రచయిత శ్రద్ధంతా కలప ఆరడం మీద, వంకర పోవడం మీద ఉంది. తడి తగిలితే ఉబ్బి, ఎండితే వంగిపోయే కొమ్మకు అవే అసలు సమస్యలు. పూత అవసరం కూడా అక్కడి నుంచే పుట్టింది.

ఆ పూతను స్పష్టంగా వివరించినవాడు ఐజాక్ వాల్టన్. ఆయన 'ది కంప్లీట్ ఆంగ్లర్' 1653లో వెలువడింది. ఆయన బతికుండగానే ఐదు కూర్పులు పొంది, 1676 నాటికి చాలా పెరిగింది. కర్రకు రంగు వేసే పద్ధతిని వాల్టన్ పనివాడికి చెప్పినట్టు చెప్పాడు. ముందు సరేసును నీళ్లలో కాచి, వేడిగా ఉండగానే కుంచెతో కర్రకు పట్టించాలి. అది పూర్తిగా ఆరాక సీసపు సఫేదా, కొంచెం సిందూరం, కొంచెం బొగ్గు నలుపు కలిపి, బూడిద రంగు వచ్చేలా అవిసె నూనెలో నూరి పలచగా పూయాలి. ఇది నేల పూత. దాని మీద ఆకుపచ్చ కావాలంటే జంగాలును ఒక పసుపు వర్ణద్రవ్యంతో కలిపి, అదే నూనెలో వీలైనంత మెత్తగా నూరి వేయాలి. సాధారణంగా ఒక్కసారి చాలు. రెండోసారి వేయాల్సి వస్తే మొదటిది బాగా ఆరి ఉండాలి.

ఈ వివరాలలో రంగు తీసేవాడికి ఉపయోగపడే సంగతి ఒకటుంది. వాల్టన్ చెప్పిన క్రమంలో రంగు నేరుగా చెక్కను తాకదు. మధ్యలో సరేసు పొర ఉంటుంది. నూనె చెక్క నరాల్లోకి ఇంకకుండా అది అడ్డుపడుతుంది. సరేసు జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురు. ఎంతకాలం ఎండినా గోరువెచ్చని నీళ్లు తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. అంటే పై రంగు ఎక్కడైనా చిట్లి, తడి లోపలికి పోతే, పూత పెచ్చులుగా లేస్తుంది. వర్షంలో తిరిగే కర్రకు ఇది లోపమే. తీయాలనుకున్నవాడికి మాత్రం ఇదే దారి. అయితే ఆ పెచ్చుల్లో సీసం ఉంటుంది. సఫేదా, సిందూరం రెండూ సీసపు సమ్మేళనాలు. ఇప్పుడు అలాంటి పాత పూత కర్ర ఎవరి చేతికైనా వస్తే, పొడిగా రుద్ది దుమ్ము లేపకూడదు. తడిగుడ్డతో అద్దుతూ గీకాలి, తీసిన రంగును ఊడ్చకుండా తడిగానే ఎత్తి పారేయాలి.

ఇక పై రంగులోని అవిసె నూనె ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టి పొరగా మారతాయి. ఒకసారి అలా ముడిపడ్డాక నూనె పోసినా, సారాయి పోసినా కరగదు. అలాంటి పొరను విప్పగల పాత మందు క్షారం. కట్టెల బూడిద నుంచి దిగిన క్షార జలం నూనెను సబ్బుగా మార్చేస్తుంది. సబ్బు తయారీలో జరిగేదీ, పాత తలుపు మీద నూనె రంగు జారిపోవడంలో జరిగేదీ ఒకే రసాయన మార్పు. తలుపుకు అది చెల్లింది. సన్నటి కర్రకు చెల్లలేదు. క్షారం చెక్కలోని పీచును కలిపి ఉంచే పదార్థాలను కూడా తింటుంది. చెక్కను నల్లబరుస్తుంది, నీటితో ఉబ్బించి నరాలు పైకి లేచేలా చేస్తుంది. చిటికెన వేలికన్నా సన్నగా ఉండే కర్ర కొస ఆ దెబ్బకు తట్టుకోదు. అందువల్ల కర్రల విషయంలో మొదటి నుంచీ కత్తి వాదర, పగిలిన గాజు ముక్క అంచు, ఇసుక రాపిడి వంటి, క్షారం అక్కరలేని పద్ధతులే నమ్మదగినవి.

పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో కర్ర కలప మారింది. యాష్, హికరీ, లాన్స్‌వుడ్, ఆ తర్వాత బ్రిటిష్ గయానా నుంచి దిగుమతయిన గ్రీన్‌హార్ట్ వాడుకలోకి వచ్చాయి. గ్రీన్‌హార్ట్ నీటిలో మునిగేంత బరువైన కలప. దాని రంగు, నరం చూడముచ్చటగా ఉండటంతో దాన్ని రంగుతో కప్పే ఆలోచన తగ్గి, పారదర్శకంగా ఉండే వార్నిష్‌కు గిరాకీ పెరిగింది. వార్నిష్‌లు ముఖ్యంగా రెండు జాతులు. మొదటిది లక్కను సారాయిలో కరిగించి చేసేది. ఈ లక్కలో పెద్ద భాగం భారతదేశపు అడవుల నుంచి కలకత్తా రేవు మీదుగా ఓడలెక్కింది. రెండోది కోపల్ వంటి బంకను అవిసె నూనెతో కలిపి కాచి చేసేది. మొదటిది ఎన్నేళ్లయినా సారాయి తగిలితే కరుగుతుంది. అందుకే దాన్ని తీయడం తేలిక, వానలో అది తెల్లబడటమూ తేలికే. రెండోది వానకు నిలుస్తుంది గానీ కరిగి రాదు. కర్ర మీద ఉన్నది ఏ జాతి పూతో ముందు తెలుసుకోవాలన్న నియమానికి మూలం ఇక్కడే ఉంది. పిడి దగ్గర కనపడని చోట సారాయిలో ముంచిన దూదిని ఒక నిమిషం ఆనిస్తే చాలు, జాతి తెలిసిపోతుంది. ఈనాటికీ మరమ్మతు చేసేవాళ్లు చేసే మొదటి పరీక్ష అదే.

1840ల మధ్యలో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈస్టన్ పట్టణంలో శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకుల పనివాడు వెదురును చీల్చి, ఆ బద్దలను అతికి కర్రలు చేయడం మొదలుపెట్టాడు. ఆయన వయొలిన్లు కూడా చేసేవాడు. ఆ పద్ధతిని పరిశ్రమగా పెంచినవాడు మెయిన్ రాష్ట్రంలోని బాంగర్‌కు చెందిన హైరమ్ లెనార్డ్. 1870లలో ఆయన ఆరు బద్దలను త్రికోణాకారంలో చెక్కి, కొసలు కలిసేలా అతికి, ఆరు పలకల కర్రలు చేశాడు. బద్దలను యంత్రంతో చెక్కడం కూడా ఆయన కార్ఖానాలోనే స్థిరపడింది. ఇంగ్లండులో 1872లో ఆల్నిక్ పట్టణంలో మొదలైన హార్డీ సోదరుల సంస్థ ఇదే దారిలో పేరు తెచ్చుకుంది.

తొలి యాభై ఏళ్లూ ఈ కర్రలకు వాడిన వెదురును అమెరికా వర్తకులు 'కలకత్తా కేన్' అనేవారు. అది డెండ్రోకెలామస్ స్ట్రిక్టస్ జాతి అని చెబుతారు. మన వైపు దాన్ని సాధనపు వెదురు అంటారు. నల్లమల నుంచి ఆదిలాబాద్ దాకా అడవుల్లో పెరిగేదీ, దాదాపు గట్టిగా నిండి ఉండి చేతికర్రలకు, లాఠీలకు పనికొచ్చేదీ అదే. పంతొమ్మిదో శతాబ్దం చివర ఈ స్థానాన్ని చైనా నుంచి వచ్చిన 'టోంకిన్ కేన్' ఆక్రమించింది. పేరు టోంకిన్‌దే అయినా అది గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో సుయి నది లోయలో పెరుగుతుంది. ఫ్లాయిడ్ మెక్‌క్లూర్ అనే వృక్షశాస్త్రవేత్త 1931లో దానికి అరుండినేరియా అమాబిలిస్ అని పేరు పెట్టాడు. నిటారుగా పెరగడం, కణుపులు పెద్దగా ఉబ్బకపోవడం, పీచు దట్టంగా ఉండటం దాని గొప్పతనం.

వెదురుతో రంగు తీసే పని స్వభావమే మారిపోయింది. కలప కర్రలో బలం మందమంతటా దాదాపు సమానంగా ఉంటుంది. వెదురులో అలా కాదు. నునుపైన పై పెంకు కిందనే పీచు కట్టలు అత్యంత దట్టంగా ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ పలచబడి, చివరికి మెత్తటి బెండు మిగులుతుంది. కర్ర చేసేవాడు బద్దను ఎప్పుడూ లోపలి వైపు నుంచే చెక్కుతాడు. బయటి వైపు పెంకును మాత్రం జాగ్రత్తగా గీకేసి, దాని కిందనున్న పీచును ముట్టుకోడు. అంటే కర్రకు ప్రాణం సరిగ్గా రంగు అంటుకున్న చోటే ఉంటుంది.

ఇందులో ప్రమాదం ఎంతో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. చీల్చి అతికిన కర్ర కొస దగ్గర పలక నుంచి పలకకు మందం సుమారు 1.6 మిల్లీమీటర్లు. వంపును ఎదిరించే శక్తి మందం నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుంది. రంగుతో పాటు ప్రతి పలక నుంచి 0.05 మిల్లీమీటరు వెదురు పోతే మందం 1.5 మిల్లీమీటర్లకు దిగుతుంది. బిగువు సుమారు 23 శాతం తగ్గుతుంది. పిడి దగ్గర 8 మిల్లీమీటర్ల మందమున్న చోట అంతే వెదురు పోతే తగ్గేది 5 శాతం. పోయేది అన్నిటికన్నా దట్టమైన పీచు కాబట్టి అసలు నష్టం ఈ లెక్కకన్నా ఎక్కువే. మామూలు ఎనామిల్ రంగు ఒక పూత ఆరాక ఇంచుమించు ఈ 0.05 మిల్లీమీటరు మందమే ఉంటుంది. గరుకు కాగితానికి రంగేదో, వెదురేదో తెలియదు. ఈ కర్రల మీద యంత్రపు రాపిడి గానీ, ముతక ఎమరీ కాగితం గానీ వాడటం క్షమించరాని పని.

రెండో చిక్కు జిగురు. ఇరవయ్యో శతాబ్దం ముప్పైల దాకా దాదాపు అన్ని కర్రలూ సరేసుతో అతికినవే. వాల్టన్ పూతను తేలిగ్గా లేపిన తడీ వేడీ ఇక్కడ బద్దలనే విడదీస్తాయి. జిగురు మీద నమ్మకం చాలక ఆనాటి పనివాళ్లు కర్ర పొడవునా దగ్గర దగ్గరగా పట్టుదారపు చుట్లు వేసేవారు. లెనార్డ్, హార్డీ పాత కర్రల మీద ఇవి కనిపిస్తాయి. అటువంటి కర్ర మీద ఎవరో ఇంటి ఎనామిల్ పూస్తే, ప్రతి చుట్టు అంచులోనూ రంగు గడ్డకట్టుకుంటుంది. చుట్లు విప్పకుండా ఆ రంగు పూర్తిగా పోదు. చుట్లు విప్పితే అసలు దారం పోతుంది. వేడి గాలి పనిముట్టు ఇంకా చేటు చేస్తుంది. వెదురును వేడితోనే వంచి నిటారు చేస్తారు కనుక, అదుపు తప్పిన వేడికి కర్ర వంకర తిరుగుతుంది, జిగురు వదులవుతుంది.

కర్ర వార్నిష్‌లోనూ ఈ కాలంలో పెద్ద మార్పు వచ్చింది. ఓడల స్తంభాలకు పూసే స్పార్ వార్నిష్ నీటికి తెల్లబడకుండా నిలవడం పనివాళ్లను ఆకర్షించింది. వాలెంటైన్ కంపెనీ 1906లో తెచ్చిన వాల్‌స్పార్ వేడినీళ్లు పోసినా తెల్లబడదని ప్రసిద్ధి పొందింది. ఎవరెట్ గారిసన్ వంటి నిపుణులు దుమ్ము పడకుండా నిలువు గొట్టంలో వార్నిష్ నింపి, కర్రను ముంచి చాలా నెమ్మదిగా పైకి లాగేవారు. ఆయన చేతిపద్ధతులన్నీ హోగీ కార్మైకేల్ 1977లో వెలువరించిన పుస్తకంలో నమోదయ్యాయి. ఇలా వేసిన పూత పలచగా, సమంగా ఉంటుంది. దాని మీద తర్వాత ఎవరో కుంచెతో వేసిన రంగు మందంగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఈ తేడా రంగు తీసేవాడికి మేలు చేస్తుంది. పాత వార్నిష్ కొత్త రంగుకూ వెదురుకూ మధ్య కాపలా ఉంటుంది కనుక, వార్నిష్ కనపడగానే చేయి ఆపితే వెదురు జోలికి పోనక్కరలేదు.

ఇటువంటి కర్రల మీద స్థిరపడిన పద్ధతి గీకుడే. పలుచని ఉక్కు బ్లేడును పలకకు లంబంగా నిలిపి, కర్ర పొడవునా తేలిగ్గా లాగాలి. బ్లేడు వాలితే గీకదు, కోస్తుంది. కర్రను గాలిలో పట్టుకోకూడదు. చదునైన పలక మీద గానీ, సన్నటి గాడి తీసిన చెక్కలో గానీ ఆన్చాలి. ఒక్కో పలకను విడిగా తీసుకోవాలి. రెండు పలకలు కలిసే అంచుల జోలికి పోతే ఆరు పలకల ఆకారం గుండ్రబడుతుంది, అది మళ్లీ రాదు. కణుపు దగ్గర పీచు మెలిక తిరిగి ఉంటుంది కాబట్టి బ్లేడు దిగబడుతుంది. అక్కడ రెండు వైపుల నుంచీ కణుపు దాకా వచ్చి ఆపి, మిగిలినదాన్ని బాగా సన్నటి కాగితంతో తీస్తారు. ముదిరిన రంగు పొడిగా రాలుతుంది. ఈ మధ్యే వేసిన రంగు బ్లేడుకు అంటుకుని సాగుతుంది. దాన్ని కొన్ని నెలలు ఆరనివ్వడమే మంచిది. ఒక్క కర్రకు రోజులు పట్టే పని ఇది. పలకల మీద పీచు చెక్కుచెదరకుండా ఉండాలంటే అంతకన్నా దగ్గర దారి ఇంతవరకు కనపడలేదు.

వెదురు కర్రలతో పాటే ఉక్కు కర్ర కూడా ఒక తరం బతికింది. కనెటికట్‌లోని బ్రిస్టల్ పట్టణానికి చెందిన ఎవరెట్ హోర్టన్ 1887లో ఉక్కు గొట్టపు కర్రకు పేటెంటు పొందాడు. గాలపు దారం గొట్టం లోపలి నుంచే పోయేది. రంగు తీసేవాడికి ఇంతకన్నా సుఖమైన కర్ర లేదు. క్షారం ఉక్కును ఏమీ చేయదు; రంగు జారిపోయాక కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె పట్టిస్తే సరిపోతుంది. ఆలస్యమైతే తుప్పు పడుతుంది. క్షారం తాకకూడనివి పిడిలోని బెండు, అల్యూమినియం భాగాలు. అల్యూమినియం క్షారంలో కరిగిపోతుంది.

ఇరవయ్యో శతాబ్దపు మొదటి ఏళ్లలో రంగు తీసే మందులు డబ్బాల్లో బజారుకు వచ్చాయి. వాటి వెనక ముఖ్యమైన పేరు కార్ల్‌టన్ ఎలిస్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్తది. బెంజీన్, సారాయి వంటి ద్రావకాలు పూతను మెత్తబరుస్తాయి గానీ, ఆ పని పూర్తయ్యేలోపే ఆవిరైపోతాయి. వాటిలో కొంచెం మైనం కరిగిస్తే అది పైకి తేలి పొరలా కప్పి, ద్రావకాన్ని రంగు మీదే పట్టి ఉంచుతుంది. ఈ ఉపాయం పరిశ్రమను మార్చేసింది. అయితే మైనం కర్ర మీద మిగిలిపోతే తర్వాత వేసే వార్నిష్ పట్టదు; సారాయితోనో టర్పెంటైన్‌తోనో పూర్తిగా తుడవాలి. బెంజీన్ తేలిగ్గా అంటుకుంటుంది, పీలిస్తే రక్తాన్ని పాడుచేస్తుంది. శతాబ్దం మధ్యకు వచ్చేసరికి దాని స్థానంలో మంటకు అంటుకోని డైక్లోరోమీథేన్ నిలిచింది. దాని అణువులు చాలా చిన్నవి కావడంతో గట్టి పూతల్లోకి కూడా చొరబడి ఉబ్బిస్తాయి. నిమిషాల్లో రంగు ముడతలు పడి లేస్తుంది. వెదురు కర్రకు దీనితో ముప్పు ఎక్కువగా తర్వాతి కడుగుడులో ఉంది. చాలా డబ్బాల మీద నీళ్లతో కడగమని ఉంటుంది. సరేసుతో అతికిన కర్రను కడిగితే బద్దలు విడతాయి.

1940లలో వెర్మాంట్‌లోని ఆర్విస్ సంస్థలో వెస్ జోర్డన్ వెదురులోకి బేకలైట్ జాతి బంకను ఇంకించే పద్ధతిని రూపొందించాడు. ఈ కర్రలకు పైన వార్నిష్ ఉండదు. బంకే లోపలి నుంచి నీటిని అడ్డుకుంటుంది. వాటి మీద ఎవరైనా రంగు పూసి ఉంటే అది చెక్కను పట్టుకోదు, గట్టిపడ్డ బేకలైట్ సారాయికి లొంగదు. అందువల్ల వెదురు కర్రలన్నిటిలోకీ వీటి మీది రంగు తీయడమే సులువు. అసలు పూత లేని కర్రను చూసి పూత పోయిందనుకుని, ఇంకా గీకే పొరపాటు ఒక్కటే ఇక్కడ జాగ్రత్త పడవలసింది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో వెదురు దొరకడం కష్టమైనప్పుడు, ప్లాస్టిక్ బంకల పరిశ్రమలో పనిచేస్తున్న ఆర్థర్ హోవల్డ్ తన విరిగిన కర్ర కొసను గాజు పీచుతో చేసుకున్నాడు. షేక్‌స్పియర్ కంపెనీ ఆ పద్ధతిని తీసుకుని 1940ల ద్వితీయార్ధంలో 'వండర్‌రాడ్' పేరుతో అమ్మకానికి పెట్టింది. 1950 చివర్లో కొరియా యుద్ధం కారణంగా అమెరికా చైనా సరుకుల మీద నిషేధం పెట్టడంతో టోంకిన్ వెదురు రాక ఆగిపోయింది. 1971 దాకా సడలని ఆ నిషేధం గాజు పీచు కర్రకు బజారంతా అప్పగించింది.

గాజు పీచు కర్రలో బలం పీచుదే, కానీ పీచును పట్టి ఉంచేది బంక. పై రంగు కూడా చాలావరకు అదే కుటుంబానికి చెందిన బంకే. రంగును కరిగించే మందు కర్రనూ కరిగించే స్థితి చరిత్రలో మొదటిసారి ఇక్కడ వచ్చింది. డైక్లోరోమీథేన్ రంగు దగ్గర ఆగదు. కింది బంకను మెత్తబరిచి పీచును బయట పెడుతుంది. ఆరాక కర్ర పైకి బాగానే కనిపించవచ్చు, వంగినప్పుడు మాత్రం పీచులు ఒకదాని మీద ఒకటి జారి తెల్లటి చారలు పడతాయి. పైగా చాలా గాజు కర్రలలో రంగును బంకలోనే కలిపేశారు. తీయడానికి అక్కడ పూత ఉండదు. కర్రలు జోడించే చోట లోపలి అంచును గానీ, పిడి మూత కిందనున్న కొసను గానీ చూస్తే సంగతి తెలుస్తుంది. అక్కడ కూడా అదే రంగు మందమంతా ఉంటే అది కర్ర సొంత రంగు.

కార్బన్ పీచు బ్రిటన్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధనా సంస్థలో 1960లలో గట్టి రూపం పొందింది. 1973లో అమెరికాలో ఫెన్‌విక్ సంస్థ దానితో గాలపు కర్రలను బజారులో పెట్టింది. తక్కువ బరువు, ఎక్కువ బిగువు కావడంతో గోడ మందాన్ని బాగా తగ్గించగలిగారు. ఆ పలుచదనమే రంగు తీసేవాడికి ముప్పు. కార్బన్ పీచులు ఎక్కువగా కర్ర పొడవునా నడుస్తాయి. అడ్డంగా పడిన ఒక్క గీత వాటిలో కొన్నింటిని తెంపితే, చేప లాగినప్పుడు కర్ర సరిగ్గా అక్కడే పగులుతుంది. గీకే ఉక్కు బ్లేడు వెదురుకు పనికొచ్చినట్టు దీనికి పనికిరాదు. మొండి అంచు, ప్లాస్టిక్ పలక, గోరు ఇవే ఆయుధాలు. ఈ కర్రల్లోని ఎపాక్సీని చాలాసార్లు 120 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో గట్టిపరుస్తారు. వేడి గాలి పనిముట్టు ఆ హద్దును సెకన్లలో దాటేస్తుంది. గాలపు దారం పోయే రింగులను కట్టిన చుట్ల మీది ఎపాక్సీని మెత్తబరచడానికి మామూలు జుట్టు ఆరబెట్టే యంత్రపు వేడి చాలు.

విమానాల తోకలు, తలుపులు కూడా ఇవే పదార్థాలతో తయారు కావడంతో అక్కడా ఇదే చిక్కు ఎదురైంది. 1980లలో అమెరికా వైమానిక దళం రసాయనాలకు బదులు మెత్తటి ప్లాస్టిక్ పలుకులను గాలి ఒత్తిడితో చిమ్మి రంగు రాల్చే పద్ధతిని యూటాలోని హిల్ స్థావరంలో అభివృద్ధి చేసింది. పూతకన్నా గట్టిగా, లోపలి పదార్థం కన్నా మెత్తగా ఉండే వస్తువుతో రుద్దాలన్నది దాని సూత్రం. గాలపు కర్ర గోడ ఆ ఒత్తిడిని తట్టుకోలేదు గానీ సూత్రం మాత్రం కర్రల బల్ల మీదికీ వచ్చింది. ఐసోప్రొపైల్ సారాయితో పదేపదే తుడిచి, పూత కొద్దిగా లొంగినచోట ప్లాస్టిక్ అంచుతో లేపి, మిగిలినదాన్ని నీళ్లతో తడిపిన అతి సన్నని కాగితంతో పొడవు వెంబడి మాత్రమే రుద్దడం ఇప్పటి పద్ధతి. రెండు డబ్బాల యురేథేన్ రంగు సారాయికి లొంగదు. అలాంటి రంగు కర్రకు గట్టిగా పట్టి ఉంటే పూర్తిగా తీయాలనే పట్టుదల వదిలి, నున్నగా రుద్ది దాని మీదే మరో పలుచని పూత వేయడం తెలివైన నిర్ణయం.

డైక్లోరోమీథేన్ కథ చట్టాలతో ముగిసింది. అది ఒంట్లోకి పోతే కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మూసిన గదిలో వాడి ప్రాణాలు కోల్పోయినవారున్నారు. యూరోపియన్ యూనియన్ 2009లో సాధారణ వినియోగదారులకు దాని అమ్మకాన్ని ఆపే నిర్ణయం చేసింది. అమెరికాలో 2019లో ఇళ్లలో రంగు తీయడానికి అమ్మే డబ్బాలు నిషేధానికి గురయ్యాయి. 2024లో ఆ నిషేధం చాలా పరిశ్రమలకు విస్తరించింది. దాని స్థానంలో బెంజైల్ ఆల్కహాల్ వంటి నెమ్మది మందులు వచ్చాయి. నెమ్మదిగా పనిచేస్తున్నాయి కదా అని రాత్రంతా ఉంచితే, ఇవి కూడా ఎపాక్సీలోకి ఇంకుతాయి.

పేరున్న పనివాడి వెదురు కర్ర విషయంలో మరో ఆలోచన అవసరం. చాలామంది నిపుణులు తమ పేరు, కర్ర పొడవు, కొన్నిసార్లు కొన్నవాడి పేరు పిడి పైనున్న పలక మీద సిరాతో రాసి, దాని మీద వార్నిష్ వేసేవారు. సారాయి తగిలితే ఆ రాత పోయే ప్రమాదం ఉంది. రాత పోయిన కర్ర ఎవరిదో చెప్పడం కష్టం. కాబట్టి ఆ అంగుళాల మేర రంగును పొడిగా, వార్నిష్ దాకా మాత్రమే తీసి ఆపాలి. అసలు పూత మిగిలి ఉంటే దాన్ని కాపాడటం కొత్త మెరుపుకన్నా విలువైనదని సేకరణకర్తలు కూడా చాలాకాలంగా ఒప్పుకున్నారు.

రంగు పోయాక కర్రను అలాగే వదలవచ్చా అన్నదీ లోపలి పదార్థాన్ని బట్టే ఉంటుంది. వెదురు గాలిలోని తేమను పీల్చి మెత్తబడుతుంది, కాబట్టి వెచ్చగా పొడిగా ఉన్న చోట కొన్ని రోజులు ఆరబెట్టి, వెంటనే పలుచని స్పార్ వార్నిష్ రెండు మూడు పూతలు వేయాలి. గ్రీన్‌హార్ట్ వంటి కలపకూ అంతే. గాజు పీచుకు ఎండ నుంచి రక్షణగా ఒక పలుచని పారదర్శక పూత చాలు. కార్బన్ కర్రకు పీచు బయటపడనంతవరకు ఏ పూతా అక్కరలేదు. చాలామంది తయారీదారులు బరువు పెరగకుండా దాన్ని పూత లేకుండానే అమ్ముతున్నారు.